పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకు మనం ఎలా తయారవ్వాలి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. కానీ పోయిన వేసవిలో కాయ కోతల రోజుల్లో ఊరికి వచ్చినప్పుడు, మన హాస్టల్లోనే చదివి ఇప్పుడు ఇంటర్ చేస్తున్న ఒక తమ్ముడు నన్నొక ప్రశ్న అడిగాడు. "అన్నా, గూగుల్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీల్లో ఉద్యోగం రావాలంటే లోపల ఎవరైనా తెలిసినవాళ్ళు ఉండాలా?" అన్నాడు. "మనుషులు తెలియక్కర్లేదు, కొన్ని సంగతులు తెలిస్తే చాలు" అన్నాను. ఆ సంగతులు చెప్పడానికి ఆ రోజు టైము చాలలేదు. అందుకే జ్ఞాపకాలు పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఇంట్లో చెల్లెలు చదువుకుంటూ ఉంటే ఆమెకు కూడా చదివి వినిపించండి.

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని అక్కడ పెట్టింది కూడా 1998లోనే. గూగుల్ 2004లో వచ్చింది. అమెజాన్ 2019లో అక్కడ తన పెద్ద క్యాంపస్‌ను తెరిచింది. మనకు దగ్గర్లో గన్నవరం పక్కన కేసరపల్లిలో హెచ్‌సీఎల్ క్యాంపస్ ఉంది. మైక్రోసాఫ్ట్‌కు 2014లో సీఈవో అయిన సత్య నాదెళ్ల గారు హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన తెలుగువారు. ఇది మనకు గర్వకారణమే. అయితే ఆయన తండ్రి ఐఏఎస్ అధికారి, ఆయన చదివింది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో. మన నాన్నలు ఎక్కువమంది తోటల్లో కాపలాకో, కాయ కోతకో, కూలికో వెళ్ళేవారు. కాబట్టి ఆయన కథ విని చప్పట్లు కొడితే మనకు దారి దొరకదు. మన దారి మనం తెలుసుకోవాలి.

రెండు రకాల కంపెనీలు

ముందుగా ఒక తేడా తెలుసుకోండి. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో వంటివి ఇతర సంస్థలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెడతాయి. వీటిని సర్వీసు కంపెనీలు అంటారు. ఇవి ఒకేసారి వేలమందిని తీసుకుంటాయి. వీటి పరీక్షలో లెక్కలు, తార్కిక ప్రశ్నలు, ఇంగ్లీషు, కొంత ప్రోగ్రామింగ్ ఉంటాయి. చేరిన తర్వాత శిక్షణ కూడా ఇస్తాయి. ఇన్ఫోసిస్ మైసూరు శిక్షణ కేంద్రం గురించి మీరు వినే ఉంటారు.

గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్ వంటివి తమ సొంత సాఫ్ట్‌వేరును, సేవలను తయారుచేసి అమ్ముకుంటాయి. వీటిని ప్రోడక్టు కంపెనీలు అంటారు. ఇవి తక్కువమందిని తీసుకుంటాయి, జీతం ఎక్కువ ఇస్తాయి, ఇంటర్వ్యూ కష్టంగా ఉంటుంది. మొదట సర్వీసు కంపెనీలో చేరి, రెండు మూడేళ్ళు పనిచేస్తూ చదువుకుని ప్రోడక్టు కంపెనీకి మారినవారు చాలామంది ఉన్నారు. కాబట్టి మొదటిసారి రాకపోతే తలుపు మూసుకుపోయినట్టు కాదు.

ఇంకొక మాట. కాలేజీ సీట్లలో మనకు రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు కంపెనీ ఉద్యోగాల్లో లేదు. సీటు వచ్చాక ఆ నాలుగేళ్ళలో ఏం నేర్చుకున్నామన్నదే అక్కడ పనికొస్తుంది.

ఇంటర్వ్యూలో ఎన్ని మెట్లు?

కంపెనీని బట్టి కొద్దిగా మారినా, ప్రోడక్టు కంపెనీల్లో సాధారణంగా ఈ వరుస ఉంటుంది.

మొదటిది దరఖాస్తు. ఒక పేజీ రెజ్యూమె పంపాలి. కాలేజీకి కంపెనీ రాకపోయినా కంపెనీ వెబ్‌సైటులో నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు.

రెండవది ఆన్‌లైన్ పరీక్ష. గంట, గంటన్నర టైములో రెండు మూడు ప్రోగ్రాములు రాయాలి. రాసినది సరైనదో కాదో కంప్యూటరే పరీక్షిస్తుంది.

మూడవది కోడింగ్ ఇంటర్వ్యూలు. ఒక ఇంజనీరు నలభై అయిదు నిమిషాలో, గంటో మనతో మాట్లాడి, ఒక సమస్య ఇచ్చి, మన ఎదుటే పరిష్కరించమంటారు. ఇలాంటివి మూడు నుంచి అయిదు దాకా ఉంటాయి. అనుభవం ఉన్నవారిని పెద్ద వ్యవస్థలు ఎలా కట్టాలో కూడా అడుగుతారు. కొత్తవారికి అది సాధారణంగా ఉండదు.

నాలుగవది మన స్వభావం, పని తీరు తెలుసుకునే ప్రశ్నలు. అమెజాన్‌లో దీనికి చాలా విలువ ఇస్తారు. ఆ కంపెనీకి 16 నాయకత్వ సూత్రాలు ఉన్నాయి. ప్రశ్నలన్నీ వాటి చుట్టూ తిరుగుతాయి. వాళ్ళు బయట పెట్టినవే కాబట్టి ముందే చదువుకుని వెళ్ళవచ్చు.

ఒకప్పుడు మైక్రోసాఫ్ట్‌లో "మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుంది?" వంటి పొడుపు ప్రశ్నలు వేసేవారని చాలా ప్రచారం ఉంది. అలాంటి ప్రశ్నల వల్ల మనిషి సామర్థ్యం తెలియదని, అవి టైము దండగని గూగుల్ ఉద్యోగుల విభాగం అధిపతి లాజ్లో బాక్ 2013లోనే చెప్పారు. కాబట్టి పొడుపు కథల పుస్తకాలు బట్టీ పట్టకండి.

ఏమేం నేర్చుకోవాలి?

ఒక ప్రోగ్రామింగ్ భాష బాగా రావాలి. పైథాన్, జావా, సీ ప్లస్ ప్లస్, వీటిలో ఏదైనా సరే. నాలుగు భాషలు పైపైన తెలియడం కన్నా ఒకటి లోతుగా తెలియడం మేలు.

తర్వాత డేటా స్ట్రక్చర్లు. అంటే సమాచారాన్ని కంప్యూటర్లో సర్దిపెట్టుకునే పద్ధతులు. పేరు విని భయపడకండి. ఇవన్నీ మన హాస్టల్లో ఉన్నవే.

క్యూ అంటే అన్నం దగ్గర మన లైను. ముందు నిలబడినవాడు ముందు తీసుకుని వెళ్తాడు. స్టాక్ అంటే కడిగి ఒకదానిమీద ఒకటి బోర్లించిన కంచాలు. చివర పెట్టిన కంచమే ముందు చేతికొస్తుంది. అర్రే అంటే వరుసగా నంబర్లు వేసిన ట్రంకు పెట్టెలు. 27వ పెట్టె కావాలంటే మొదటినుంచీ చూడక్కర్లేదు, నేరుగా అక్కడికే వెళ్తాం. ట్రీ అంటే ఒక మొదలు, దానికి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. గ్రాఫ్ అంటే బస్సు దారులు. ముసునూరు నుంచి నూజివీడు, అక్కడినుంచి హనుమాన్ జంక్షన్, అక్కడినుంచి ఒకవైపు విజయవాడ, ఒకవైపు ఏలూరు. తక్కువ బస్సులు మారి ఎలా వెళ్ళాలి అన్నది గ్రాఫ్ లెక్క.

ఆ తర్వాత అల్గారిథమ్‌లు, అంటే పని చేసే పద్ధతులు. ఒక ఉదాహరణ చూడండి. వెయ్యి పేర్లు అక్షర క్రమంలో ఉన్న రిజిస్టరులో ఒక పేరు వెతకాలి. మొదటినుంచి చూసుకుంటూ పోతే వెయ్యిసార్లు చూడాల్సి రావచ్చు. మధ్య పేరు చూసి, మనకు కావలసింది ముందుందో వెనకుందో తెలుసుకుని, సగం వదిలేసి, మిగిలిన సగంలో మళ్ళీ మధ్య పేరు చూస్తే పదిసార్లలో దొరుకుతుంది. పది లక్షల పేర్లున్నా ఇరవైసార్లు చాలు. దీన్ని బైనరీ సెర్చ్ అంటారు.

ఇంత తేలికైన పద్ధతిలోనూ పెద్దవాళ్ళు తప్పు చేశారు. జావా భాషతోపాటు వచ్చే బైనరీ సెర్చ్‌లో ఒక పొరపాటు ఏళ్ళ తరబడి ఉండిపోయిందని జాషువా బ్లాక్ అనే గూగుల్ ఇంజనీరు 2006లో రాశారు. మధ్య స్థానం కోసం రెండు సంఖ్యలను కూడినప్పుడు, అవి చాలా పెద్దవైతే మొత్తం 214 కోట్లు దాటి, ఆ గడిలో పట్టక రుణ సంఖ్యగా మారిపోయేది. అందుకే ఇంటర్వ్యూలో "మరీ పెద్ద సంఖ్య ఇస్తే? అసలేమీ ఇవ్వకపోతే? ఒకటే ఇస్తే?" అని అడుగుతారు. మనం వాళ్ళకన్నా ముందే అడగాలి.

ఒక లెక్క చేసి చూద్దాం

ఇంటర్వ్యూల్లో ఎంతో ప్రసిద్ధమైన ఒక ప్రశ్నను మన మామిడి గంపలతో చెబుతాను. ఎనిమిది గంపలు ఉన్నాయి. వాటి బరువులు కిలోల్లో 12, 31, 19, 27, 8, 23, 14, 40. సరిగ్గా 42 కిలోలు వచ్చే రెండు గంపలు ఏవి?

వెంటనే లెక్క మొదలుపెట్టవద్దు. ముందు అడగండి. ఒకే గంపను రెండుసార్లు లెక్కించవచ్చా? ఒకే బరువున్న గంపలు రెండు ఉండవచ్చా? అలాంటి జత అసలు లేకపోతే ఏం చెప్పాలి? అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా. ఇంటర్వ్యూ చేసేవారు కూడా కొన్ని వివరాలు కావాలనే చెప్పకుండా ఉంచుతారు, మనం అడుగుతామో లేదో చూస్తారు.

మొదటి పద్ధతి: ప్రతి గంపనూ మిగిలిన ప్రతి గంపతో కలిపి చూడటం. ఎనిమిది గంపలకు 28 జతలు. ఇది సరైన పద్ధతే. కానీ వెయ్యి గంపలుంటే 4,99,500 జతలు. లక్ష గంపలుంటే దాదాపు 500 కోట్ల జతలు. గంపలు పదిరెట్లయితే పని వందరెట్లవుతుంది.

రెండవ పద్ధతి: చేతిలో ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఒక్కో కిలోకు ఒక్కో పేజీ. మొదటి గంప 12. దానికి జత 30 కావాలి. 30వ పేజీ తీస్తే ఖాళీ. 12వ పేజీలో టిక్కు పెట్టి ముందుకు. 31కి 11 కావాలి, లేదు. 19కి 23 కావాలి, ఇంకా రాలేదు. 27కి 15, లేదు. 8కి 34, లేదు. ఆరవ గంప 23. దానికి 19 కావాలి. 19వ పేజీ తీస్తే టిక్కు ఉంది! దొరికింది. ప్రతి గంపనూ ఒక్కసారి చూస్తే చాలు. లక్ష గంపలకు లక్షసార్లు. ఈ నోటు పుస్తకాన్నే కంప్యూటరు భాషలో హాష్ టేబుల్ అంటారు. ఖర్చు ఏమిటంటే పుస్తకానికి కొంత చోటు కావాలి.

మూడవ పద్ధతి: బరువు క్రమంలో పేర్చడం. 8, 12, 14, 19, 23, 27, 31, 40. రెండు చివరలా రెండు వేళ్ళు పెట్టండి. 8, 40 కలిపితే 48, ఎక్కువైంది కాబట్టి 40ని వదిలేయండి. 8, 31 కలిపితే 39, తక్కువైంది కాబట్టి 8ని వదిలేయండి. 12, 31 కలిపితే 43, ఎక్కువ. 12, 27 కలిపితే 39, తక్కువ. 14, 27 కలిపితే 41, తక్కువ. 19, 27 కలిపితే 46, ఎక్కువ. 19, 23 కలిపితే 42! పుస్తకం అక్కర్లేదు. కానీ ముందు పేర్చడానికి కొంత టైము పడుతుంది. గంపలు ముందే పేర్చి ఉంటే ఇదే మంచి పద్ధతి.

ఇంటర్వ్యూ చేసేవారికి కావలసింది 19, 23 అన్న జవాబు కాదు. ఈ మూడు పద్ధతులూ, ఏది ఎప్పుడు మంచిదో, దాని ఖర్చు ఏమిటో మనం చెప్పగలమా అన్నది కావాలి.

నోరు విప్పాలి

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇంజనీరింగ్ అయిన ఏడాది ఒక పెద్ద కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్ళాను. ఒక వాక్యంలో కుండలీకరణాలు సరిగ్గా మూసి ఉన్నాయో లేదో చెప్పే ప్రోగ్రాము రాయమన్నారు. నాకు తెలిసిందే. కంచాల దొంతర లెక్కే. తెరిచిన గుర్తు వచ్చినప్పుడు దొంతర మీద పెట్టాలి, మూసే గుర్తు వచ్చినప్పుడు పైనున్న దానితో సరిపోతుందా అని చూసి తీసేయాలి, చివరికి దొంతర ఖాళీ కావాలి.

నేను తల వంచుకుని మౌనంగా రాయడం మొదలుపెట్టాను. ఎదుటి ఆయన "ఏం ఆలోచిస్తున్నారు?" అని రెండుసార్లు అడిగారు. పూర్తయ్యాక చెబుదామని ఊరుకున్నాను. మధ్యలో ఒకచోట చిక్కుకున్నాను. అప్పుడూ అడగలేదు. ఇరవై నిమిషాల తర్వాత ఆయన థ్యాంక్స్ చెప్పి లేచారు. రెండు రోజులకు ఎంపిక కాలేదని మెయిల్ వచ్చింది.

ఎందుకు మౌనంగా ఉన్నానో తర్వాత చాలా రోజులు ఆలోచించాను. మనం హాస్టల్లో పెరిగినవాళ్ళం. స్టడీ అవర్‌లో మాట్లాడకూడదు. పెద్దవాళ్ళ ఎదుట అడిగితేనే మాట్లాడాలి, అదీ జవాబు కచ్చితంగా తెలిస్తేనే. తప్పు చెబితే నలుగురూ నవ్వుతారు. ఈ అలవాటు మనకు క్రమశిక్షణ నేర్పింది, దాన్ని తప్పు పట్టను. కానీ ఇంటర్వ్యూలో అదే మన కాళ్ళకు అడ్డం పడుతుంది. అక్కడ మన తలలో ఏం జరుగుతోందో బయటికి వినిపించాలి. మాట్లాడని వాడికి తెలియదనే అనుకుంటారు. పట్నంలో చదివిన పిల్లలు మనకన్నా తెలివైనవారు కారు. తప్పవుతుందేమోనన్న భయం లేకుండా సగం ఆలోచనను కూడా పైకి చెప్పగలరు, అంతే తేడా.

ఆ తర్వాత అమీర్‌పేటలో నాతో గదిలో ఉన్న స్నేహితుడూ నేనూ ఒక నియమం పెట్టుకున్నాం. రోజూ రాత్రి ఒకరు ప్రశ్న ఇవ్వాలి, ఇంకొకరు కాగితం మీద రాస్తూ బిగ్గరగా వివరించాలి. మొదట సిగ్గుగా ఉండేది. నెల తిరిగేసరికి అలవాటైంది. మూడో కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. ఆ ఇంటర్వ్యూలో ఒక సమస్యకు జవాబు పూర్తిగా చెప్పలేకపోయాను కూడా. "ఇక్కడివరకు వచ్చాను, ఇక్కడ ఆగిపోయాను, కారణం ఇది" అని చెప్పాను. ఆయన చిన్న ఆధారం ఇచ్చారు, దాన్ని పట్టుకుని ముందుకు వెళ్ళాను.

మీరు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. దీనికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. సాయంత్రం ఒక లెక్క తీసుకుని, పక్కవాడికి మెట్టు మెట్టుగా వివరించండి. వాడు "ఎందుకు?" అని అడుగుతుండాలి. వాడు తప్పు చెబితే మీరు నవ్వకూడదు. ఈ ఒక్క నియమం మన హాస్టల్లో పెడితే, పదేళ్ళలో ఎంతమంది బాగుపడతారో చూడండి.

ఇంగ్లీషు సంగతి

తెలుగు మీడియంలో చదివామన్న భయం చాలామందికి ఉంటుంది. ఇంటర్వ్యూకు సాహిత్యపు ఇంగ్లీషు అక్కర్లేదు. చిన్న చిన్న వాక్యాలు చాలు. "ముందు అన్ని జతలూ చూస్తాను. ఇది ఆలస్యం. ఇంకా మంచి పద్ధతి ఉందేమో చూస్తాను." ఇలాంటి ముప్పై నలభై వాక్యాలు ఇంగ్లీషులో రాసుకుని రోజూ పైకి చదవండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడగడం తప్పు కాదు. అర్థం కాకుండానే తల ఊపడం తప్పు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. వాటిని వింటే సబ్జెక్టూ వస్తుంది, చెవికి ఇంగ్లీషూ అలవాటవుతుంది.

"మీ గురించి చెప్పండి"

ఈ ప్రశ్నకు మనవాళ్ళు ఎక్కువమంది తలదించుకుంటారు. ఊరు పేరు, నాన్న పని చెప్పడానికి సిగ్గుపడతారు. అక్కడ అడిగేది మన కుటుంబ చరిత్ర కాదు, మనం చేసిన పని. కులం గురించి ఇంటర్వ్యూలో ప్రశ్న ఉండకూడదు, మనం చెప్పాల్సిన అవసరమూ లేదు. అలాగని దాచుకోవాల్సిన తప్పూ మనం చేయలేదు.

"ఒక కష్టమైన పరిస్థితిలో మీరేం చేశారు?" అంటే నాలుగు ముక్కల్లో చెప్పండి: పరిస్థితి ఏమిటి, నా బాధ్యత ఏమిటి, నేనేం చేశాను, ఫలితం ఏమైంది. మనకు అనుభవాలు లేవా? మెస్ కమిటీలో సరుకుల లెక్క రాసినవాడు, వేసవిలో గ్రేడింగు పనికి వెళ్ళి ట్రేల లెక్కలో తేడా పట్టుకున్నవాడు, జ్వరం వచ్చిన స్నేహితుణ్ణి రాత్రిపూట ఆసుపత్రికి తీసుకెళ్ళినవాడు మనలో లేరా? ఇవన్నీ బాధ్యత తీసుకున్న సంఘటనలే. నిజంగా జరిగినవే చెప్పండి. కల్పించి చెబితే రెండో ప్రశ్నకే దొరికిపోతాం.

ఎప్పుడు ఏం చేయాలి?

పదో తరగతిలో: గణితం మీద దృష్టి పెట్టండి. చాలా కంపెనీలు పది, ఇంటర్, డిగ్రీ అన్నింటిలో 60 శాతం ఉండాలని నియమం పెడతాయి. అంటే ఇప్పటి మార్కులు ఏడేళ్ళ తర్వాత కూడా అడుగుతారు. మన పక్కనే నూజివీడులో 2008లో స్థాపించిన ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ళ కోర్సులో సీటిస్తారు. రెండేళ్ళు ఇంటర్‌తో సమానమైన చదువు, నాలుగేళ్ళు బీటెక్. పది పాసైన వెంటనే నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండండి.

పది తర్వాత: ఇంటర్ ఎంపీసీ చదివి ఈఏపీసెట్ రాయవచ్చు. పాలీసెట్ రాసి డిప్లొమా చేసి, ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. బీఎస్సీ, బీసీఏ చదివినవారినీ సర్వీసు కంపెనీలు తీసుకుంటాయి. ఇంజనీరింగ్ సీటు రాలేదని నిరాశ వద్దు.

బీటెక్ మొదటి ఏడాది: ఒక భాష పూర్తిగా. రెండో ఏడాది: డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌లు. మూడో ఏడాది: రోజుకు ఒకటి రెండు సమస్యలు. లీట్‌కోడ్, హ్యాకర్‌ర్యాంక్, గీక్స్ ఫర్ గీక్స్ వెబ్‌సైట్లలో కావలసినన్ని ఉన్నాయి. గేల్ లాక్‌మన్ మెక్‌డవెల్ రాసిన "క్రాకింగ్ ది కోడింగ్ ఇంటర్వ్యూ" పుస్తకం కాలేజీ లైబ్రరీలో అడగండి. దాని ఆరవ ముద్రణలో 189 సమస్యలు ఉన్నాయి. నాలుగో ఏడాది: సొంతంగా ఒక చిన్న ప్రాజెక్టు, డేటాబేసు, ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్కుల పునాది, స్నేహితులతో ఉత్తుత్తి ఇంటర్వ్యూలు.

జవాబు చూసి సమస్యలు బట్టీ పట్టవద్దు. ముప్పావుగంట ప్రయత్నించి, రాకపోతే జవాబు చదివి, వారం తర్వాత చూడకుండా మళ్ళీ రాయండి. ఇలా రెండొందల సమస్యలు చేసినవాడు, చూసి రాసిన వెయ్యి సమస్యల వాడికన్నా ముందుంటాడు.

మోసపోవద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. "బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తాం, లక్షలు కట్టండి" అనేవారు హైదరాబాద్‌లో ఉన్నారు. కొందరు దొంగ ఆఫీసు తెరిచి, దొంగ ఆఫరు లెటరు ఇచ్చి, రెండు నెలలు జీతం కూడా ఇచ్చి, బోర్డు తిప్పేస్తారు. ఆ లక్షలు మన నాన్న వడ్డీకి తెచ్చినవో, అమ్మ పుస్తెలు కుదువపెట్టినవో అయి ఉంటాయి. గూగులే కాదు, సరైన కంపెనీ ఏదీ ఇంటర్వ్యూకో, ఉద్యోగానికో డబ్బు అడగదు. మెయిల్ చిరునామా చివర కంపెనీ సొంత పేరు ఉందో లేదో చూడండి. అసలు సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలకండి. లేని అనుభవం ఉన్నట్టు దొంగ కాగితాలు పెట్టవద్దు. చేరిన తర్వాత కూడా విచారణ చేసి తీసేస్తారు.

మారిన కాలం

ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఈ రంగంలో ఎత్తుపల్లాలు ఉంటాయి. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ 10,000 మందిని, గూగుల్ 12,000 మందిని తగ్గిస్తామని ప్రకటించాయి. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక చిన్న చిన్న ప్రోగ్రాములు యంత్రమే రాసిపెడుతోంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూల్లో దాన్ని చాటుగా చూసి చెప్పేవారు ఎక్కువయ్యారని, కనీసం ఒక రౌండు ముఖాముఖి పెడతామని గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ 2025లో చెప్పారు. ముఖాముఖి కూర్చుంటే నేర్చుకున్నవాడికి, చూసి చెప్పేవాడికి తేడా అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. యంత్రం రాసిన దానిలో తప్పెక్కడో పట్టుకోవాలన్నా పునాది మనకే ఉండాలి. కాబట్టి పైన చెప్పిన చదువు వృథా కాదు.

చివరిగా ఒక మాట. మామిడికి పూత వచ్చినదంతా కాయ కాదని మనకు తెలుసు. గాలికి కొంత, మంచుకు కొంత రాలిపోతుంది. అంతమాత్రాన ఏ రైతూ చెట్టు కొట్టేయడు, వచ్చే ఏటికి నీళ్ళు పెడతాడు. మొదటి ఇంటర్వ్యూ పోతే అలాగే అనుకోండి. ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో ఆ రోజు రాత్రే రాసుకోండి, మర్నాడు అది నేర్చుకోండి.

హాస్టల్ వదిలి వెళ్ళాక ఒకరికి ఉద్యోగం వస్తే, వెనక వచ్చే ఇద్దరికి ఫోన్ ఎత్తి జవాబు చెప్పాలి. లోపల తెలిసినవాళ్ళు ఉండాలా అని అడిగిన తమ్ముడికి నా పూర్తి జవాబు ఇదే. మనకు తెలిసినవాళ్ళు మనమే కావాలి.

 

మీ అన్న,
పూర్వ విద్యార్థి